వ్యాపార రహస్యము – దాని న్యాయ రక్షణము

జగ్గయ్యపేటకు సమీపమున కృష్ణవేణీ తీరమందున్న వేదాద్రి క్షేత్రమును చూడని విద్యార్థులు మనలో నరుదు. ఆ కొండకా పేరెట్లు కలిగెనో తెలుపు స్థలపురాణ గాథయు మీరు వినియే యుందురు. సోమకుడను రాక్షసుడు బ్రహ్మయొద్దనుండి వేదముల నపహరించి సముద్రమున దాగెననియు, విష్ణువు మత్స్యరూపము దాల్చి వానిని సంహరించి వేదములను మరల దెచ్చెననియు, ఆ వేదములే స్వామి సాన్నిధ్యమును గోరి యిచట కొండయై నిలిచినవనియు ఆ గాథ చెప్పుచున్నది.

ఆ గాథలో మన పాఠమునకు పనికివచ్చు ప్రశ్న యొకటి కలదు. విద్యను దొంగిలించుట సాధ్యమా? ఎద్దును దొంగిలించినచో యజమానుని కొట్టము శూన్యమగును. విద్యను దొంగిలించినచో నది యజమానుని తలలో నెప్పటివలెనే యుండును. అయినను అతని జీవనము పోవచ్చును. ఎద్దు దొరకినచో మరల ఇంటికి దోలుకొని రావచ్చును. వేదములును మరల వచ్చినవి. కాని లోకమునకు పొక్కిపోయిన వ్యాపార రహస్యమును వెనుకకు దెచ్చుట యే న్యాయస్థానమునకును సాధ్యము కాదు. కావుననే దానిని గాపాడు విధమును ముందుగనే తెలిసికొనవలయును. మీలో ననేకులు రేపు వ్యాపారులగుదురు. అంతకంటె నెక్కువమంది వ్యాపారులయొద్ద నుద్యోగులగుదురు. ఈ పాఠ మిరువురకును గావలసినది.

వ్యాపార రహస్యమన నేమి?

వ్యాపారి దాచినదెల్ల వ్యాపార రహస్యము కాదు. మన దేశము 1995వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యత్వము గలిగియున్నది. మేధాసంపత్తిని గూర్చి ఆ సంస్థవారు చేసికొన్న ఒడంబడికలో 39వ అధికరణము వ్యాపార రహస్యమునకు మూడు లక్షణములను చెప్పుచున్నది. ఆ వృత్తిలో నున్నవారికి సామాన్యముగా తెలియనిదై యుండుట మొదటిది. రహస్యముగా నుండుటచేతనే దానికి విలువ గలుగుట రెండవది. దానిని దాచుటకు యజమాని తగిన జాగ్రత్తలను దీసికొని యుండుట మూడవది. ఈ మూటిలో నేది లోపించినను న్యాయస్థానము ముందర నది రహస్యమని నిలువదు.

ఒక యుదాహరణమును గైకొందము. జగ్గయ్యపేటలో నొక గృహిణి యావకాయ పెట్టి యమ్ముచున్నదనుకొనుడు. మామిడికాయ, ఆవపిండి, కారము, ఉప్పు, నూనె యావకాయకు గావలయునని తెలుగుదేశమున నెల్లరకును దెలియును. అది రహస్యము కాదు. కాని ఏ పొలముల మిరపకాయ, యే పాలున గలుపవలయునో, ముక్క నెంతసేపార్చవలయునో, జాడీలో నెన్నాళ్లు మాగనీయవలయునో యామె పదియేండ్లు శ్రమించి కనిపెట్టిన లెక్క మాత్రము రహస్యము. హైదరాబాదులోని యే యంగడివా డెన్ని కిలోలు, ఏ ధరకు గొనుచున్నాడో వ్రాసికొన్న పుస్తకమును రహస్యమే. అయితే ఆ పుస్తకమును బల్లమీద విడిచి, ఆ లెక్కను వచ్చినవారికెల్ల చెప్పుచుండినచో, మూడవ లక్షణము పోయినది. తాను గాపాడుకొనని దానిని న్యాయస్థానము కాపాడవలెనని యామె కోరజాలదు.

మన నందిగామ ప్రాంతపు నల్లరేగడి పొలములలో దీనికంటె పెద్ద యుదాహరణము కలదు. రైతులు కొను సంకరజాతి ప్రత్తివిత్తనము రెండు వేర్వేరు మాతృవంశములను గలిపి పుట్టించినది. దాని పంటనుండి తీసిన గింజను మరుసటి యేడు నాటినచో చేను ఏకరీతిగా రాదు. కావున విత్తనము లక్షలమంది చేతులలో నున్నను, ఆ మాతృవంశములు మాత్రము కంపెనీయొద్దనే యుండును. వాని విలువ యంతయు ఆ గుప్తతయందే యున్నది. ఐనను విత్తనమును పెంపుచేయుటకు కంపెనీవారు ఆ మాతృవంశముల గింజలను ఒప్పందము మీద కొందఱు రైతుల పొలములలో నాటింపక తప్పదు. అనగా ఎంత పెద్ద కంపెనీ రహస్యమైనను తుద కొక మనుష్యుని విశ్వాసముమీద నాధారపడి యున్నది. ఈ మాటను గుర్తుంచుకొనుడు. మన పాఠమంతయు దీనిలోనే కలదు.

నాలుగు విధములైన కంచెలు

తన తెలివిచే సంపాదించినదానిని కాపాడుకొన దలచువానికి న్యాయశాస్త్రము పలువిధములైన కంచెలను జూపుచున్నది. వానిలో మనకు గావలసినవి నాలుగు.

మొదటిది పేటెంటు. నూతన కల్పన చేసినవాడు దాని మర్మమును సమగ్రముగా ప్రభుత్వమునకు వ్రాసి యియ్యవలెను. అది యెల్లరును జదువునట్లు ప్రకటింపబడును. దానికి ప్రతిఫలముగా 20 సంవత్సరములవఱకు నితరులెవ్వరును అతని యనుమతి లేక దానిని వాడరాదు. గడువు తీరగానే యది లోకముయొక్క సొత్తగును. మన దేశమున నిప్పుడీ విషయమున నమలులో నున్నది 1970వ సంవత్సరపు పేటెంటు శాసనము. పరంపరగా వచ్చుచున్న విజ్ఞానమునకు దాని ననుసరించి పేటెంటు లభింపదు.

రెండవది ట్రేడుమార్కు. ఇది వస్తువు మర్మమును గాక దాని పేరును గాపాడును. పది సంవత్సరముల కొకసారి మరల నమోదు చేయించుకొనుచున్నచో దీనికి గడువు లేదు.

మూడవది భౌగోళిక గుర్తింపు. మనకు సమీపముననే యున్న కొండపల్లి బొమ్మలకిది కలదు. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, ముక్కలను చింతగింజల పిండితో చేసిన మక్కుతో నతికి, రంగులు వేయు విధమును ఆ యూరి కుటుంబములు తరతరములుగా నెఱుగును. అది యే యొక్కరి రహస్యమును గాదు. కావున 1999వ సంవత్సరపు శాసనము ఆ పనితనమును దాచుటకు యత్నింపక, మఱియొకచోట చేసిన బొమ్మకు కొండపల్లి పేరు పెట్టి యమ్ముటను నిషేధించుచున్నది.

నాలుగవది రహస్యము. దీనికి నమోదు లేదు, రుసుము లేదు, గడువు లేదు. దాగియున్నంతకాలము నూఱేండ్లైనను ఫలమిచ్చును. కోకాకోలా యను పానీయము 1886వ సంవత్సరమున పుట్టినది. దాని సమ్మేళనమును నేటికిని ఆ కంపెనీవారు గుప్తముగానే యుంచుచున్నారు. 1977వ సంవత్సరమున మన ప్రభుత్వము కంపెనీలో భాగమును భారతీయుల కప్పగింపవలయుననియు, తయారీ విజ్ఞానమును వెల్లడింపవలయుననియు గోరినప్పుడు, ఆ కంపెనీవారు ఇంత పెద్ద దేశపు వ్యాపారమునైన వదలుకొనిరి గాని రహస్యమును వదలుకొనలేదు. వారు మరల 1993లో వచ్చిరి. అయితే ఈ కంచె యొక్క బలహీనత కూడ నెఱుగవలెను. ఎవడైనను తన స్వంత పరిశోధనచే అదే మర్మమును కనిపెట్టినను, బజారులో న్యాయముగా గొన్న వస్తువును పరీక్షించి గ్రహించినను, వానిని అడ్డగించు హక్కు లేదు.

ఈ కంచెలలో నెద్దానిని ఎన్నుకొనవలయు ననుటకు మన కృష్ణాజిల్లా వారి చరిత్రయే మంచి పాఠము. ఎలకుఱ్ఱులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయినగరమున అమృతాంజనమును స్థాపించిరి. సంగీత సభలలో నుచితముగా పంచిపెట్టి దానికి ప్రచారము కలిగించిరి. దాని యాదాయముతోనే 1908లో ఆంధ్రపత్రికను నెలకొల్పిరి. గ్రంథాలయములకును, గ్రంథప్రచురణమునకును ధనమిచ్చి దేశోద్ధారకులని పేరొందిరి. ఒక చిన్న సీసాలోని మందు తెలుగువారి కింత యుపకారము చేసినది. అయితే ఆ మందును నిలిపిన దేది? నేటి నిబంధనలనుబట్టి ఆయుర్వేదౌషధముల లేబిలుమీద అందలి ద్రవ్యముల పట్టికను ముద్రింపవలయును. కర్పూరము, నీలగిరి తైలము మొదలగునవి యందున్నవని కొన్నవాడెల్ల జదువగలడు. పట్టిక తెలిసినను జనులు అంగడిలో అమృతాంజనమనియే యడుగుదురు. కావున లేబిలుమీద వెల్లడింపక తప్పని వస్తువునకు రహస్యముకంటె పేరే గట్టి కంచె. వెల్లడింపక తయారు చేయగల విధానములకు రహస్యము తగినది. ఏది యెక్కడ వాడవలయునో తెలియుటయే వ్యాపారి వివేకము.

న్యాయము కాపాడునది దేనిని?

ఇంగ్లండు దేశమున 1851వ సంవత్సరమున తీర్పు చెప్పబడిన యొక వ్యాజ్యము ఈ శాస్త్రమునకు పునాదులలో నొకటి. మారిసన్ అనునతడు ఒక మందును చేసి దాని మర్మమును తన భాగస్థుడగు మోట్ అనువానికి, ఎవరికిని జెప్పరాదని వ్రాయించుకొని, తెలిపెను. మోట్ ఆ మాట తప్పి తన కుమారునికి దానిని జెప్పెను. ఆ కుమారుడు అదే మందును చేసి యమ్మసాగెను. మారిసన్ కుమారులు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ మందునకు పేటెంటు లేదు గనుక లోకమంతటిమీద వారికి హక్కు లేదు. ఐనను విశ్వాసమును భంగపఱచి సంపాదించిన విద్యచే లాభమందుట యన్యాయమని న్యాయాధిపతి ఆ కుమారునిమీద నిషేధాజ్ఞ నిచ్చెను.

ఈ తీర్పులోని సూక్ష్మమును గమనింపుడు. న్యాయస్థానము కాపాడినది మందును గాదు, నమ్మకమును. నమ్మి చెప్పినవానికిని, నమ్మించి వినినవానికిని నడుమ నున్న ధర్మమే యిందు మూలము.

మన దేశమున వ్యాపార రహస్యములకై ప్రత్యేక శాసనము లేకయే న్యాయస్థానములు ఈ ధర్మముమీదను, 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు శాసనముమీదను ఆధారపడి తీర్పులు చెప్పుచు వచ్చినవి. కంప్యూటరులోనుండి యనుమతి లేక సమాచారమును తీసికొనిపోవుట 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనమున 43, 66 విభాగముల క్రింద నష్టపరిహారమునకును, దుర్బుద్ధితో చేసినచో శిక్షకును గుఱియగును. ఒక యుద్యోగి తన యజమానుని కంప్యూటరులోని కొనుగోలుదారుల పట్టికను నకలు తీసికొని పోయి స్వంత వ్యాపారమునకు వాడుకొనగా, 1995లో ఢిల్లీ హైకోర్టు ఆ పట్టికను గ్రంథకర్తృత్వపు హక్కు గల రచనగా నెంచి వానిని నిషేధించెను. పట్టికను గూర్చుటకు పట్టిన శ్రమ న్యాయస్థానము దృష్టిలో శూన్యము కాదన్నమాట.

మన సుప్రీముకోర్టు 1967లో చెప్పిన తీర్పొకటి మిక్కిలి ముఖ్యమైనది. సెంచురీ కంపెనీవారు మోటారు చక్రముల టైర్లకు గావలసిన నూలును చేయు విద్యను హాలండు దేశపు కంపెనీవారినుండి, గుప్తముగా నుంచెదమని మాటయిచ్చి, తెచ్చుకొనిరి. ఆ శాఖలో నైదు సంవత్సరములు పనిచేసెదననియు, ఆ కాలమున మఱియొకచోట నట్టి పని చేయననియు, రహస్యములను బయట పెట్టననియు నొక యుద్యోగి యొప్పందము వ్రాసి యిచ్చెను. తర్ఫీదు పొందిన పిమ్మట గడువు తీరకమునుపే అట్టి నూలును చేయదలచిన వేఱొక కంపెనీలో జేరెను. ఉద్యోగకాలములో నమలులో నుండునట్టి యీ కట్టుబాటు న్యాయమైనదేయని సుప్రీముకోర్టు నిషేధాజ్ఞను స్థిరపఱచెను.

ఉద్యోగి హక్కు

ఇంతవఱకు యజమానుని పక్షమును జెప్పితిమి. రెండవ పక్షమును అంతియే గౌరవముతో వినవలయును. కాంట్రాక్టు శాసనము 27వ విభాగము ప్రకారము, న్యాయమైన వృత్తిని గాని వ్యాపారమును గాని చేయకుండ మనుష్యుని నిరోధించు నొప్పందము, ఆ నిరోధమునకు సంబంధించినంతవఱకు చెల్లదు. వ్యాపారమును దాని మంచిపేరుతో గూడ నమ్మినవాని విషయమున మాత్రము మినహాయింపు కలదు. ఉద్యోగము వదలిన పిమ్మట రెండేండ్లు ఆ వ్యాపారమే చేయరాదను కట్టుబాటును అమలుపఱచుటకు 1980లో సుప్రీముకోర్టు సమ్మతింపలేదు.

కావున పనివానియొద్దనుండి యజమానుడు రహస్యమును అడుగవచ్చును గాని, పనితనమును అడుగరాదు. ఒక బాలుడు కార్ఖానాలో చేరి ఆఱేండ్లలో యంత్రమును నడపుట, వస్తువును జూచి నాణెము నెఱుగుట, కొనువారితో మర్యాదగా మాటలాడుట నేర్చుకొన్నచో, అది యాతని చేతులలోను తలలోను నిలిచిన స్వంత సొత్తు. దానితో నతడెచటికైనను పోయి జీవింపవచ్చును. కాని కార్ఖానా పుస్తకములోని కొలతల నకలును జేబులో బెట్టుకొని పోరాదు. ఈ రెండింటి నడుమ గీత యెచటనో తేల్చుటయే న్యాయాధిపతులకు కష్టమైన పని. కాగితముమీద సంతకము చేసితినను భయముచే జీవితమంతయు నొక చోటనే బందీయై యుండవలయునని పేద యుద్యోగి తలంపనక్కఱలేదు. పదునెనిమిది సంవత్సరములు నిండనివానికి ఒప్పందము చేయు యోగ్యతయే లేదని ఆ శాసనమే చెప్పుచున్నదని కూడ విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

మఱియు రహస్యము తప్పునకు ముసుగు కారాదు. ఆహారములో కల్తీని, నదిలో విడుచు విషజలమును వ్యాపార రహస్యమని దాచుటకు వీలులేదు. 2005వ సంవత్సరపు సమాచారహక్కు శాసనము వ్యాపార రహస్యములను ప్రభుత్వ కార్యాలయములు బయటపెట్టనక్కఱలేదని చెప్పుచునే, విశాలమైన ప్రజాప్రయోజనము గోరినచో బయటపెట్టవలయునని కూడ చెప్పుచున్నది.

వ్యాపారి చేయవలసిన పనులు

మొదట, తనయొద్ద రహస్యమైన దేదియో వ్యాపారి పట్టిక వ్రాసికొనవలెను. సమస్తమును రహస్యమనువాడు దేనిని రక్షింపలేడు.

రెండవది, ఆ రహస్యమును పనికి గావలసినంతవఱకే, కావలసినవారికే తెలుపవలెను. మన యావకాయ గృహిణి కారము పాళ్లు తానే కలిపి, మిగిలిన పనిని సహాయకుల కప్పగించినచో నెవరినిని ననుమానింపనక్కఱలేదు.

మూడవది, రహస్యమును వినువారితో వినకమునుపే ఒప్పందము వ్రాయించుకొనవలెను. అది వారికి తెలిసిన భాషలో నుండవలెను. ఏది రహస్యమో, దేనికై చెప్పుచున్నారో, ఎంతకాలము దాచవలయునో, కాగితములను ఎప్పుడు తిరిగి యియ్యవలయునో స్పష్టముగా నుండవలెను. ఉద్యోగులతోనే గాక సరకు నిచ్చువారితోను, అప్పు పెట్టువారితోను, భాగస్థులతోను ఇట్లే చేయవలెను.

నాలుగవది, పుస్తకములమీద రహస్యమని గుర్తు వేసి తాళములో నుంచవలెను. కంప్యూటరునకు సంకేతపదముండవలెను; ఎవరెప్పుడు తెఱచిరో లెక్క యుండవలెను.

ఐదవది, ఉద్యోగి వెడలునాడు కూర్చుండబెట్టి, ఆతని బాధ్యతను మర్యాదగా జ్ఞాపకము చేసి, కాగితములు తిరిగి తీసికొని, రసీదు వ్రాయించుకొనవలెను. సరియైన జీతమిచ్చి సగౌరవముగా బంపిన యుద్యోగి శత్రువగుట యరుదు.

ఇన్ని చేసినను రహస్యము పొక్కినచో కాలవిలంబము చేయరాదు. వెంటనే సాక్ష్యములను భద్రపఱచి, న్యాయవాదిచేత నోటీసు నిప్పించి, తాత్కాలిక నిషేధాజ్ఞకై న్యాయస్థానమును గోరవలెను. వాదికి మొదటిచూపునకే బలమైన కారణమున్నదా, ఆజ్ఞ యియ్యనిచో ధనముతో తీరని నష్టము కలుగునా, ఇచ్చుటవలన నియ్యకపోవుటవలన నెవరికెక్కువ కష్టము అను మూడు విషయములను న్యాయస్థానము విచారించును. ఆలస్యము చేసినవాని మాట కీ మూటిలోను బలము తగ్గును. నష్టపరిహారమును, కాగితములను తిరిగి యిప్పించుటను గూడ గోరవచ్చును. వ్యాజ్యములోనే రహస్యము బయటపడు ప్రమాదము గలదు గనుక, దానిని ముద్రవేసిన కవరులో సమర్పించుటకు ముందుగనే యనుమతి నడుగవలెను.

ఈ విషయములన్నియు నొకచోట చేర్చి ప్రత్యేక శాసనము చేయుట మంచిదని భారత న్యాయసంఘము 2024వ సంవత్సరము మార్చి మాసమున తన 289వ నివేదికలో సిఫారసు చేసి, ముసాయిదా బిల్లును గూడ జతపఱచినది. తప్పును బయటపెట్టు నుద్యోగికి రక్షణమును, ప్రజాప్రయోజనమునకు మినహాయింపును ఆ ముసాయిదాలో నుండుట గమనింపదగినది.

ముగింపు

ఎన్ని శాసనములు వచ్చినను ఈ విద్యకు మూలము మాఱదు. గోడలు కట్టి, తాళములు వేసి, కాగితములమీద సంతకములు చేయించినను, తుదకు రహస్యము నివసించుట మనుష్యుని నోటియందే. తన శ్రమఫలమును రక్షించుకొను హక్కు యజమానునికి కలదు; తన పనితనముతో బ్రదుకు హక్కు సేవకునకు కలదు. ఒకరి హక్కును నొకరు మన్నించినచోట వ్యాజ్యముతో పని లేదు.

విద్యార్థులారా! మీరు యజమానులైనప్పుడు చెప్పవలసినంతయే చెప్పుడు. ఉద్యోగులైనప్పుడు నమ్మి చెప్పినదానిని కాపాడుడు. అపహరింపబడిన వేదములు తిరిగివచ్చి వేదాద్రియై నిలిచినవని మన ప్రాంతపు గాథ. పోయిన రహస్యమును, పోయిన నమ్మకమును మాత్రము తిరిగి తెచ్చు నవతారము లేదు.